గుప్పిట్లో పట్టే మాట

జుమా రోజు మా ఇంట్లో ఆడవాళ్లం బయాన్ వినేది వంటింట్లోంచే. మసీదు మైకు మా వెనక వీధి దాకా వినపడుతుంది. ఒక పొయ్యి మీద బగారా అన్నం దమ్ మీద ఉంటుంది, ఇంకో పొయ్యి మీద దాల్చా ఉడుకుతుంటుంది, మధ్యలో మౌలానా సాబ్ గొంతు. సబ్ర్‌తో మొదలుపెడతారు. అక్కణ్ణుంచి పడోసీ హక్కులకు పోతారు, ఆపైన షాదీల్లో ఫిజూల్ ఖర్చు, ఆపైన పిల్లల చేతుల్లో మొబైళ్లు, ఆఖర్న దుఆ. అన్నీ మంచి మాటలే. మగవాళ్లు ఇంటికి రాగానే దస్తర్‌ఖాన్ పరుస్తూ అడుగుతాను, "ఏం చెప్పారు ఈ రోజు?" అని. "బహుత్ అచ్ఛా బయాన్" అంటారు. అచ్ఛానే, ఏం చెప్పారు అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి మా చిన్నోడు "మొబైల్ చూడొద్దన్నారు" అంటాడు, అదీ నా ముఖం చూసి.

మౌలానా సాబ్‌కు ఇల్మ్ తక్కువని కాదు నేననేది. ఎక్కువే. బిందెడు నీళ్లు తెచ్చి చెంబులోకి ఒక్కసారిగా వంపితే చెంబు ఎంత పట్టాలో అంతే పడుతుంది, తక్కినవి నేలపాలు. వినేవాడి జెహన్ చెంబే. అది ఎంతటి ఆలిమ్‌దైనా, పామరుడిదైనా ఒకటే సైజు అని ఇప్పుడు చదువుకున్నవాళ్లు కూడా చెబుతున్నారు. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికా సైకాలజీ ప్రొఫెసర్ ఒక వ్యాసం రాశాడు. మనిషి ఒక్కసారికి మనసులో నిలుపుకోగలిగేవి ఏడు, దానికి రెండు అటూ ఇటూ అని. 2001లో నెల్సన్ కోవన్ అనే ఆయన ఆ ఏడు కూడా ఎక్కువే, అసలు లెక్క నాలుగు దగ్గరే అన్నాడు. అయితే మిల్లర్ ఇంకో మాట కూడా చెప్పాడు, అసలు విషయం అదే. ఆ ఏడు అనేవి ఏడు ముక్కలే కానక్కర్లేదు, ఏడు మూటలైనా కావచ్చు. మూటలో ఎన్ని ఉన్నా మనసుకు అది ఒకటే. ఫోన్ నంబర్ పది అంకెలూ ఒక్కొక్కటిగా ఎవరూ చెప్పరు కదా. ఐదు చెప్పి ఆగుతాం, మళ్లీ ఐదు చెబుతాం.

ఈ మూట కట్టే హునర్ మన ఇళ్లకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా నానా అరబీ హరఫ్‌లు ఇరవై ఎనిమిదింటినీ ఒక ఊపులో చదివేవారు. అబ్జద్, హవ్వజ్, హుత్తీ, కలిమన్, సఅఫస్, ఖరషత్, సఖ్ఖజ్, జజ్జగ్. ఇరవై ఎనిమిది హరఫ్‌లు ఎనిమిది లఫ్జ్‌లైపోయాయి. వాటికి మానీ ఏమిటని అడిగితే నవ్వేవారు. మానీ ఏమీ లేదు, మూట కట్టడానికి తాడు, అంతే. లారీల మీదా దుకాణాల మీదా రాసే 786 కూడా ఈ అబ్జద్ లెక్కలోంచి వచ్చిందే. రాయొచ్చా రాయకూడదా అనే బహస్ నాకొద్దు.

నమాజు తర్వాత తస్బీహ్ చూడండి. వంద సార్లు జిక్ర్ చెయ్యమంటే మధ్యలో లెక్క తప్పిపోతుంది. ముప్ఫై మూడు సుబ్హానల్లాహ్, ముప్ఫై మూడు అల్‌హమ్దులిల్లాహ్, ముప్ఫై నాలుగు అల్లాహు అక్బర్ అన్నప్పుడు వంద మూడే అయింది. హిఫ్జ్ చేసే పిల్లల రోజు కూడా మూడు ముక్కలే. కొత్తగా పట్టేది సబక్, ఈ మధ్య పట్టింది సబ్కీ, పాతది మంజిల్, కొన్నిచోట్ల దాన్నే ఆమూఖ్తా అంటారు. పదేళ్ల పిల్లాడు ఖుర్‌ఆన్ మొత్తాన్ని చూసి బెదిరిపోకుండా ఉండేది ఆ మూడు ముక్కల వల్లే. వాడికి ఈ రోజు సబక్ అయిదు లైన్లు. ముప్ఫై పారాల దిగులు ఉస్తాద్‌ది.

హుజూర్ (స) మాట తీరు గురించి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన రివాయత్ ఒకటుంది. ఎవరైనా లెక్కపెట్టదలిస్తే ఆయన మాటల్ని లెక్కపెట్టుకోగలిగేలా ఉండేవట. అర్థం కావాలని ఒక మాటను మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) రివాయత్. మునాఫిఖ్ నిషానీలు మూడు: మాట్లాడితే అబద్ధం, మాటిస్తే తప్పడం, అమానత్ ఇస్తే ఖియానత్. ఐదు పోకముందే ఐదింటిని గనీమత్ అనుకోమన్న హదీసు తెలియని ఇల్లుండదు. ముసలితనానికి ముందు జవానీ, బీమారీకి ముందు సేహత్, బీదతనానికి ముందు దౌలత్, తీరికలేనితనానికి ముందు ఫుర్సత్, మౌత్‌కు ముందు జిందగీ. ఇందులో ప్రతిదానికీ దాని జోడీ ఉంది, గమనించారా? ఒకటి గుర్తొస్తే రెండోది దాని కొంగు పట్టుకుని వచ్చేస్తుంది. పదింటిని ఐదు చేశారు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది అబ్దుల్ ఖైస్ కబీలా వాళ్ల వాఖియా. బుఖారీలోనూ ముస్లిమ్‌లోనూ ఉంది, రావీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి). వాళ్లది అరబ్బు దేశంలో తూర్పు తీరం. మదీనాకూ వాళ్లకూ మధ్య దుష్మన్ కబీలాలు. యుద్ధం హరామ్ అయిన నెలల్లో తప్ప వచ్చే దారి లేదు. వచ్చి వాళ్లు అడిగింది ఏమిటంటే, మాకు తేటగా ఒక మాట చెప్పండి, ఊళ్లో మా వెనక ఉన్నవాళ్లకు తీసుకెళ్లి చెబుతాం, మేమూ దాని మీద నడుస్తాం అని. వాళ్ల దగ్గర నోట్‌బుక్కులు లేవు. మళ్లీ వచ్చి అడిగే వీలూ లేదు. మోసుకుపోగలిగింది నోట్లో పట్టేదే.

హుజూర్ (స) వాళ్లకు నాలుగు చెయ్యమన్నారు, నాలుగు వద్దన్నారు. చెయ్యమన్నవి ఈమాన్, నమాజు, జకాత్, రమజాన్ రోజాలు, వీటితోపాటు గనీమత్ మాల్‌లో ఐదో వంతు. లెక్క ఐదవుతుంది కదా అని ఉలమా పేజీలకు పేజీలు రాశారు, అది వేరే సంగతి. వద్దన్న నాలుగూ పాత్రలు: ఎండిన సొరకాయ బుర్ర, పచ్చ మెరుగు పూసిన కుండ, ఖర్జూరపు మొద్దు తొలిచి చేసిన తొట్టి, తారు పూసిన పాత్ర. వాళ్ల ప్రాంతంలో నబీజ్ పెట్టేది వాటిలోనే, అది నషా ఎక్కేదాకా పులిసేదీ వాటిలోనే. నషా హరామ్ అనే ఉసూల్‌ను వాళ్లకు వాళ్ల ఇంటి సామాన్ల పేర్లతో చెప్పారన్నమాట. ఇంటికెళ్లి ఆ కుండను చూసినప్పుడల్లా మాట గుర్తుకొస్తుంది. తర్వాత పాత్రలకు ఇజాజత్ వచ్చింది, నషా మాత్రం హరామ్‌గానే ఉండిపోయింది. ఇవి యాద్ పెట్టుకుని మీ వెనకవాళ్లకు చెప్పండి అని పంపారు. వెళ్లి చెప్పారు. అది మన దాకా వచ్చింది.

సంఖ్య పెట్టేస్తే చాలు, మాట నిలుస్తుందని దీని అర్థం కాదు. వాట్సాప్‌లో రోజూ తెల్లారేసరికి వచ్చి పడుతుంటాయి, మూడు చీజ్‌లు గరీబీ తెస్తాయి, ఐదు చీజ్‌లు యాద్‌దాష్త్ పెంచుతాయి, కింద హజ్రత్ అలీ (రజి) పేరు. కితాబ్ పేరుండదు, రావీ ఉండడు. కానీ మూడు అని ఉంది కాబట్టి మన అత్తయ్యలకు అది హదీసు అయిపోతుంది. రాత్రి గోళ్లు తీయడం దగ్గర్నుంచి గడప మీద కూర్చోవడం దాకా ఎన్నెన్ని ఇలా జొరబడ్డాయో. మూటకున్న తాకత్ అదే, ఖతరా కూడా అదే. ఒకసారి మూటలో పడిన రాయి కూడా బియ్యంతోపాటే మోయబడుతుంది. నేనైతే ఇలాంటిది వస్తే పంపినవాళ్లను ఏ కితాబ్‌లో ఉంది ఆపా అని అడుగుతాను. నన్ను రెండు గ్రూపుల్లోంచి తీసేశారు, అల్‌హమ్దులిల్లాహ్.

సరే, ఇంత చెప్పింది అసలు విషయం కోసం. మా వీధిలో ఒక ఖాలా ఉండేది. ఆడవాళ్ల మయ్యత్‌కు ఘుస్ల్ ఇచ్చేది. చదువు రాదు. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేది, మా కడప వైపు అందరిలాగే. ఎవరింట్లో ఇంతెఖాల్ అయినా అర్ధరాత్రయినా సరే ఆమెకు కబురు పోయేది. ఆమె వచ్చేదాకా ఇంటి ఆడవాళ్లు గోడలకు ఆనుకుని కూర్చునేవాళ్లు. సొంత కూతుళ్లు, కోడళ్లు, అక్కచెల్లెళ్లు. ముట్టుకోవాలంటే భయం. ఏం చెయ్యాలో తెలీదు, తెలీనిదాన్ని ముట్టుకుని ఏం గునాహ్ కట్టుకుంటామో అని ఇంకో భయం. ఒక ఇంట్లో ఖాలా ఊళ్లో లేక, పొద్దున పోయినామెకు అసర్ దాటాక గానీ ఘుస్ల్ కాలేదు. జనాజా ఆలస్యం చెయ్యొద్దని అందరికీ తెలుసు, చేసే చేతులే లేవు.

ఉర్దూ కితాబుల్లో తరీఖా ఉంది. మా చిన్నమ్మ ఒకసారి తెచ్చి చూపించింది, ఇరవైకి పైగా నంబర్లు వేసి రాశారు. ఒక్క మాట తప్పు లేదు అందులో. కానీ తఖ్తా పక్కన నిలబడి, తడి చేతులతో, ఏడుస్తూ, పద్నాలుగో నంబర్ తర్వాత పదిహేనోది ఏమిటి అని పేజీ తిప్పే హాలత్‌లో ఎవరుంటారు?

ఖాలా నేర్పిన పద్ధతి వేరు. ఓ ఎండాకాలం ఆమెకు మోకాళ్లు పట్టేసి, ఇంక నేను వంగలేను, మీరే నేర్చుకోండి అని మమ్మల్ని నలుగురిని కూర్చోబెట్టుకుంది. మంచం మీద పొడుగు దిండు ఒకటి వేసింది. చెయ్యి చాపి వేళ్లు ముడిచి చూపించింది. "ముందు మూడు. నీళ్లు మూడు. గుడ్డలు ఐదు. ముళ్లు మూడు. ఇంతే, బేటా."

ముందు మూడు అంటే పర్దా, ఇస్తింజా, వుజూ. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా గుడ్డ కప్పాకే బట్టలు తీయాలి. చేతికి గుడ్డ చుట్టుకునే ఇస్తింజా చేయించాలి. వుజూలో పుక్కిలింత ఉండదు, ముక్కులో నీళ్లు ఉండవు, తడి దూదితో తుడవడమే. నీళ్లు మూడు అంటే కుడి, ఎడమ, కాఫూర్. రేగాకులు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లు. ఎడమ పక్కకు పడుకోబెట్టి ముందు కుడివైపు కడగాలి, తర్వాత అటు తిప్పి ఎడమవైపు. ఆ రెండింటికీ మూడోదానికీ మధ్య కొంచెం లేపి కూర్చోబెట్టినట్టు పట్టుకుని పొట్ట మెల్లగా నిమరాలి, ఏమన్నా వస్తే కడిగెయ్యాలి, మళ్లీ వుజూ అక్కర్లేదు. ఆఖరు నీళ్లు కాఫూర్ కలిపినవి. గుడ్డలు ఐదు ఆడవాళ్లకు, మగవాళ్లకైతే మూడు. ముళ్లు మూడు: తల వైపు ఒకటి, నడుము దగ్గర ఒకటి, కాళ్ల వైపు ఒకటి.

తర్వాతెప్పుడో ఆలోచిస్తే నాకు అర్థమైంది, ఖాలా ఆ మూటల్ని లెక్క అందంగా ఉండాలని కట్టలేదు. పని ఎక్కడ ఆగుతుందో అక్కడ కట్టింది. ముందు మూడు అయ్యాక చేతికి చుట్టిన గుడ్డ తీసి పారేస్తాం. నీళ్లు మూడు అయ్యాక టవల్‌తో ఒళ్లు తుడుస్తాం, మయ్యత్‌ను తఖ్తా మీంచి కఫన్ మీదకు మారుస్తాం. గుడ్డలు అయ్యాక లోపల చెయ్యి పెట్టే పనే లేదు. ఒక మూటకూ ఇంకో మూటకూ మధ్య చేతులకే తెలిసే గట్టు ఉంది. అందుకే తలకు గుర్తులేకపోయినా చేతులకు గుర్తుంటుంది. ఇరవై నంబర్లలో లేనిది ఆ గట్టే.

మా అమ్మీకి షుగర్, బీపీ, గుండె, అన్నీ కలిపి రోజుకు తొమ్మిది మాత్రలు. చీటీ మీద ఇంగ్లీషులో తొమ్మిది వరసలు. ఆమెకు నేను ఖాలా పద్ధతిలోనే చెప్పాను: ఫజర్ తర్వాత పరగడుపున రెండు, నాష్తా తర్వాత నాలుగు, ఇషా తర్వాత మూడు. మూడు డబ్బీలు, మూడింటికి మూడు రంగుల మూతలు. నమాజు ఆమె ఎప్పుడూ మరవలేదు కాబట్టి మాత్రా మరవలేదు. రమజాన్ వచ్చేముందు మాత్రం డాక్టర్ని అడిగే డబ్బీలు మార్చేవాళ్లం, అది మన సొంత తెలివితో చేసేది కాదు.

అమ్మీ పోయింది ఒక చలికాలం రాత్రి, తహజ్జుద్ వేళకు. ఖాలా అప్పటికి రెండేళ్ల కిందే అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెకు ఘుస్ల్ ఇచ్చింది కూడా దిండు మీద నేర్చుకున్న మేమే. కానీ పరాయి తల్లికి చెయ్యడం వేరు. నేను, మా చిన్న ఫుప్పీ, పక్కింటి ఆపా, ముగ్గురం తఖ్తా దగ్గర నిలబడ్డాం. ఫుప్పీ చేతులు వణుకుతున్నాయి. నాకు ఏదీ ఆలోచించే తాకత్ లేదు. ఆపా మెల్లగా "ముందు మూడు" అంది. నేను చాదర్ అందుకున్నాను.

ఆ తర్వాత ఎవరం పెద్దగా మాట్లాడలేదు. నీళ్లు పోసేటప్పుడు "కుడి" అంటే కుడి, "ఎడమ" అంటే ఎడమ. లేపి పట్టుకున్నప్పుడు అమ్మీ తల నా భుజం మీద ఉంది. ఎంత తేలికైపోయిందో అనిపించింది. ఆ ఒక్కచోట ఆగిపోయాను. ఫుప్పీ "కాఫూర్" అంది. మళ్లీ చేతులు కదిలాయి. ఏం చెయ్యాలి అని వెతుక్కునే పని లేదు కాబట్టి ఆ గంట నాకు అమ్మీతో గడిపిన ఆఖరు గంటగానే మిగిలింది. ఏడవడానికి కూడా చోటు దొరికింది. జుహర్ నమాజు తర్వాత జనాజా నమాజు, ఆ తర్వాత మగవాళ్లు ఖబ్రస్తాన్‌కు తీసుకెళ్లారు.

ఉమ్మె అతియ్యా (రజి) అని ఒక సహాబియా. హుజూర్ (స) కూతురు ఇంతెఖాల్ అయినప్పుడు ఘుస్ల్ ఇచ్చిన ఆడవాళ్లలో ఆమె ఒకరు. వాళ్లకు హుజూర్ (స) చెప్పిన మాటలు చూస్తే గుండె కరుగుతుంది. మూడుసార్లో ఐదుసార్లో అవసరమనిపిస్తే ఇంకా ఎక్కువో, బేసి లెక్కలో కడగండి. నీళ్లూ రేగాకులూ. ఆఖరున కాఫూర్. కుడివైపు నుంచి, వుజూ చేసే చోట్ల నుంచి మొదలుపెట్టండి. అయ్యాక నాకు చెప్పండి. అంతే చెప్పారు. అయ్యాక చెబితే తన ఇజార్ తీసి ఇచ్చి, దీన్ని ఒంటికి ఆనేలా చుట్టండి అన్నారు. కూతురు పోయిన తండ్రి చెప్పిన మాటలవి. తక్కువ, తేట, చేతికి అందేవి. తర్వాతి కాలంలో బస్రాలో పెద్దపెద్ద ఉలమా కూడా ఘుస్లె మయ్యత్ తరీఖా ఆమె దగ్గరే నేర్చుకున్నారు. ఒక ఆడమనిషి దగ్గర. ఈ మాట మన జల్సాల్లో ఎందుకు వినపడదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం జుహర్ తర్వాత ఆరేడుగురు అమ్మాయిలు వస్తున్నారు. ఇంటర్ చదివేవాళ్లున్నారు, డిగ్రీవాళ్లున్నారు, కొత్తగా షాదీ అయినామె ఒకరు. మొదట్లో వాళ్ల అమ్మలే పంపడానికి జంకారు, పెళ్లి కావలసిన పిల్లకు కఫన్ సంగతులేమిటి, బద్‌షుగూనీ అని. షుగూన్ ఇస్లామ్‌లో లేదని చెప్పి ఊరుకున్నాను, ఎక్కువ వాదించలేదు. ఒక షాఫయీ కుటుంబం అమ్మాయి వస్తుంది, ఆమెకు ముందే చెప్పాను, మీ ఇంటి మసాయిల్ కొన్ని వేరుగా ఉంటాయి, వుజూలో ఫర్జ్‌లే మాకు నాలుగు, మీకు ఆరు, మీ ఆలిమ్‌ను ఒకసారి అడిగి పెట్టుకో అని. అల్మారా కింది అరలో ఒక మూట పెట్టాను, నేర్పడానికి కాదు, నిజంగానే అవసరానికి. ఐదు గుడ్డలు, దూది, కాఫూర్ పొట్లం, అత్తర్ సీసా, కట్టడానికి చీలికలు. రేగాకులు ఎప్పటికప్పుడు పచ్చివే తెంపాలి, చెట్టు మసీదు వెనక ఉంది.

పోయిన ఆదివారం పొడుగు దిండుకు ఐదు గుడ్డలూ తొడిగే వంతు. ఇద్దరు అమ్మాయిలు ఓఢ్నీ ముందా, ఇజార్ ముందా అని వాదన పడ్డారు. ఒకామె ఫోన్ తీసి వీడియో వెతకబోయింది. ఫోన్ పక్కన పెట్టించి, చెయ్యి చాపమన్నాను. చిటికెన వేలి నుంచి ముడుస్తూ రమ్మన్నాను, ఒంటికి ఆనేది మొదట, పైకి కనపడేది చివర: ఖమీస్, ఓఢ్నీ, ఇజార్, సీనాబంద్, చాదర్. చాదర్ బొటనవేలు. అది తక్కిన నాలుగింటి మీదా మూసుకుంటుంది, ఎడమ అంచు ముందు, కుడి అంచు పైన. ఇద్దరూ మళ్లీ దిండు విప్పి మొదట్నుంచి తొడిగారు.